పాత బొమ్మలన్నీ నలుగురు వేసినట్టున్నాయి

ప్రశ్న: మేడం, నమస్తే. మాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. కడపలో బీఎఫ్ఏ పెయింటింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. నాయన నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఫైనల్ డిస్‌ప్లే ఉంది, ఇప్పటిదాకా వేసినవన్నీ తెచ్చి చూపించమన్నారు. ఇంటికి పోయి ట్రంకు పెట్టె తెరిచి అన్నీ పరిచాను. ఎనిమిదో తరగతిలో వేసిన జపాన్ కార్టూన్ బొమ్మలు, ఇంటర్‌లో ఐదు వందలకూ ఏడు వందలకూ ఆర్డర్ల మీద వేసిన పెన్సిల్ పోర్ట్రెయిట్లు, సినిమా హీరోలు, ఫస్టియర్‌లో వస్తువులు ఎదురుగా పెట్టుకుని వేసిన స్టిల్ లైఫ్‌లు, సెకండియర్‌లో ఏ వస్తువు పోలికా లేకుండా గీతలు, ఆకారాలతో వేసిన అబ్‌స్ట్రాక్ట్‌లు. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధమే లేదు. నలుగురు వేసినట్టున్నాయి. సిగ్గేసింది. రివ్యూలో మా సార్ "అన్నీ బాగానే ఉన్నాయి, ఇందులో నువ్వెక్కడ?" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆర్డర్ మీద వేసిన ఒక హీరో బొమ్మలో చొక్కా ముడతలకే రెండు రోజులు కూర్చున్నాను, ముఖం మాత్రం ఒక పూటలో అయిపోయింది. అట్లాంటివి చూపించి ఏం చెప్పాలి? మా జేజి చేతులు వేసిన కాగితాలు కొన్ని ఉన్నాయి గానీ అవి లెక్కలోకి రావు, ఊరికే కూర్చున్నప్పుడు వేసినవి. అబ్‌స్ట్రాక్ట్‌లు కూడా నిజానికి ఫ్యాక్టరీ వెనక పేర్చిన బండల అంచులు చూసి వేసినవే, సార్‌కి చెప్పలేదు. అన్నీ పాత పేపర్లవాళ్లకు వేసేసి కొత్తగా ఒక స్టైల్ పట్టుకుందామా అనిపిస్తోంది. నాయనేమో పోర్ట్రెయిట్లు వేసుకుంటే నాలుగు డబ్బులొస్తాయి కదా అంటాడు. పీజీకి బయటి ఊరు పోవాలని నా ఆశ. నాకంటూ ఒక గుర్తింపు లేకపోతే సీటు ఎవరిస్తారు? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థిని, కడప జిల్లా

జవాబు:

అమ్మా, ముందు ఆ పాత పేపర్లవాణ్ణి వెనక్కి పంపించు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నీ ఉత్తరంలో బొమ్మల జాబితా పెద్దదే ఉంది. జపాన్ కార్టూన్లకు ఒక మాట రాశావు, స్టిల్ లైఫ్‌లకు ఒక మాట రాశావు. మూడు చోట్ల మాత్రం నీ కలం ఆగింది. చొక్కా ముడతలకు రెండు రోజులు పట్టిందన్నావు. జేజి చేతులు ఊరికే కూర్చున్నప్పుడు వేశానన్నావు. ఫ్యాక్టరీ వెనక బండల అంచులు చూసి అబ్‌స్ట్రాక్ట్ వేశానని, ఆ సంగతి సార్‌కి చెప్పలేదనీ రాశావు. బట్ట మీద ముడత, ముసలి చేతి మీద ముడత, ఒకదాని మీద ఒకటి పేర్చిన రాళ్ల గీత. ఈ మూడింటికీ సంబంధం లేదని నువ్వంటున్నావు. నాకు మాత్రం ఒకే మనిషి ఒకే దాన్ని మూడు చోట్ల చూస్తున్నట్టు కనిపిస్తోంది. వాడిన, నలిగిన, బరువు మోసిన వాటి మీద పడే గీతలు నిన్ను ఆపుతున్నాయి. హీరో ముఖం ఒక పూటలో అయిపోయిందంటే అక్కడ నీకు పెద్ద పని లేదన్నమాట. చొక్కా దగ్గర పని దొరికింది.

బొమ్మలు చూడకుండా ఉత్తరం చదివి చెబుతున్న మాట ఇది. పెట్టె ముందు కూర్చున్నాక నీకు ఇంకేదైనా కనిపించొచ్చు, అప్పుడు నీ కంటినే నమ్ము. వెతకాల్సిన చోటు మాత్రం ఇదే. ఏ స్టైల్‌లో వేశావని కాకుండా, వేసేటప్పుడు నీ చెయ్యి ఎక్కడ నెమ్మదించిందని చూడు.

ఆర్ట్ చదివే పిల్లలకు స్టైల్ బెంగ ఎక్కువ. ఫోన్ తెరిస్తే ఒక్కొక్కరి పేజీ మొత్తం ఒకే రంగుల్లో, ఒకే మాదిరి ముఖాలతో ఉంటుంది. అది చూసి మనకూ అట్లాంటిది ఒకటి ఉండాలనుకుంటారు. అప్పుడు ఎక్కువమంది చేసేది, బాగా పేరున్న ఒకరి పద్ధతిని తెచ్చుకోవడం. మన రెండు రాష్ట్రాల కాలేజీల్లో ఎన్ని డిస్‌ప్లేలు చూసినా పెద్ద బొట్టు, ముక్కుపుడక, ముదురు రంగు చీర ఉన్న ఆడవాళ్ల బొమ్మలు ఎదురొస్తూనే ఉంటాయి. చిత్రకారుడు తోట వైకుంఠం గారి ప్రభావం అది. ఆయన 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు, హైదరాబాద్‌లో చదివి, బరోడా వెళ్లి చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. ఆ తర్వాత తన ఊరి ఆడవాళ్ల దగ్గరికి తిరిగొచ్చారు. చిన్నప్పటి నుంచి కళ్లారా చూసినవాళ్లు కాబట్టే ఆ బొట్టు ఆయన చేతిలో అంత బలంగా నిలబడింది. ఆ బొట్టును ఎత్తుకొచ్చి మన కాన్వాస్ మీద పెడితే అది ఆయన ఊరి బొట్టే అవుతుంది.

ఇంకో గుంత కూడా ఉంది, మన సీమ పిల్లలు ఎక్కువగా అందులో పడతారు. 'నువ్వెక్కడ?' అనగానే రాయలసీమ అని చూపించాలనుకుని బీటలు వారిన నేల, ఎండిన చెట్టు, తలపాగా రైతు వేస్తారు. ఆ నేలతో నిజంగా బతికినవాళ్లు వేస్తే నేను కాదనను. కానీ నీకు తెలిసిన సీమ వేరు. పాలిష్ మిషన్ చప్పుడు, తడి నాపరాయి మీద మెరుపు, గోడ వెంబడి ఆరిన బూడిద రంగు స్లర్రీ, అదే పాలిష్ పట్టేటప్పుడు కారే రాతి బురద. అవి ఇంతవరకూ పెద్దగా ఎవరూ వేయలేదు. నువ్వు వేశావు, వేసి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నావు. సార్‌కి ఎందుకు చెప్పలేదో నిన్ను నువ్వు అడుగు. అబ్‌స్ట్రాక్ట్ అంటే ఎక్కడి నుంచో ఊడిపడాలి గానీ నాయన పని చేసే చోటు నుంచి రాకూడదనుకున్నావేమో. డచ్ చిత్రకారుడు మోండ్రియన్ తన గడుల బొమ్మలు వేయడానికి ముందు చెట్లు వేశాడు. కొమ్మల మధ్య ఖాళీలను చూస్తూ చూస్తూ గడుల దాకా వెళ్లాడు. నువ్వు బండల దొంతర నుంచి వెళ్లావు. ఆ దారి సార్‌కి చెప్పి ఉంటే ఆయన ఆ ప్రశ్న వేసేవారు కాదేమో.

ఒక్కసారి లేపాక్షి వెళ్లిరా. 2022 దాకా అనంతపురం జిల్లాలో ఉండేది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. కదిరి మీదుగా హిందూపురం చేరితే అక్కడి నుంచి దగ్గరే. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఫొటో తీసుకుని వచ్చేస్తారు. నువ్వు మండపంలో వెల్లకిలా పడుకోవడానికి వీలుంటే పడుకుని, లేకపోతే మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి, పైకప్పు చూడు. అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి అది. పైన వీరభద్రుడు, పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం ఉన్నాయి. ముఖాలు ఎక్కువగా పక్క నుంచి కనిపిస్తాయి, ముక్కు సూటిగా, కళ్లు పెద్దగా, దాదాపు అందరివీ ఒకే మాదిరి. కథలు అందరికీ తెలిసినవి, రంగులు కావి ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ లాంటి కొన్నే. వేయించినవాళ్లు పెద్దలు, అంటే అదీ ఆర్డర్ పనే. వేసినవాళ్ల పేర్లు మనకు తెలియవు.

ఇప్పుడు ఆ బొమ్మల్లో చీరలు చూడు. వరసగా నిలబడిన ఆడవాళ్లలో ఒక చీర మీద ఉన్న డిజైన్ పక్క చీర మీద ఉండదు. గీతలు, చుక్కలు, గడులు, హంసలు, పూలు. ముఖానికి నియమం ఉంది, చీరకు లేదు. చెయ్యి ఇష్టం వచ్చినట్టు తిరిగింది అక్కడ. నేత చీరలకు ఈనాటికీ ఆ అంచులు తీసుకుంటున్నారంటే పేరు తెలియని ఆ చిత్రకారులు ఎంత ఇష్టంగా గీశారో చూడు. ఆర్డర్ మీద వేసిన పోర్ట్రెయిట్లలో నేను లేనని నువ్వు అనుకుంటున్నావు కదా. చొక్కాలో ఉన్నావు. కస్టమర్ ముఖం పోలిక చూసుకుని డబ్బులిచ్చి వెళ్లాడు, ముడతలు ఎవరూ అడగలేదు. అడగకపోయినా రెండు రోజులు కూర్చున్నావు.

వచ్చేటప్పుడు ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో దిగగలిగితే దిగు. మేక చర్మంతో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు అక్కడున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలు తగ్గిపోయాక వాళ్లు అదే తోలుతో లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేస్తున్నారు. వస్తువు మారింది, కొనేవాళ్లు మారారు. తోలులో రంధ్రాలు కొట్టే తీరు, వెనక నుంచి వెలుగు రావాలనే ఆలోచన మాత్రం అట్లాగే ఉన్నాయి. నువ్వు ఎనిమిదో తరగతి నుంచి ఇప్పటిదాకా నాలుగు రకాలు మార్చానని బాధపడుతున్నావు. నేర్చుకునే వయసులో నాలుగు రకాలు చేయకపోతేనే నాకు దిగులు.

ఇక పెట్టె సంగతి. ఈసారి ఒంటరిగా, తీరిగ్గా కూర్చో. సంవత్సరాల వరసలో పరచొద్దు, అట్లా పరిస్తే 'అప్పుడు వచ్చేది కాదు, ఇప్పుడు వస్తుంది' అనే లెక్క ఒక్కటే కనిపిస్తుంది. ఎవరు అడిగితే వేశావో చూసి విడగొట్టు. డబ్బులిచ్చి అడిగినవి ఒక పక్క, కాలేజీ అడిగినవి ఇంకో పక్క, వేరేవాళ్ల బొమ్మ చూసి దించినవి మరో పక్క, ఎవరూ అడగకుండా వేసినవి విడిగా. నువ్వు లెక్కలోకి రావన్నావే, జేజి చేతులు, అవి ఈ చివరి గుంపులోవి. నా దృష్టిలో లెక్క అక్కడే మొదలవుతుంది.

ఆ తర్వాత ప్రతి బొమ్మలో పెన్సిల్ ఎక్కడ ఓపిగ్గా కదిలిందో అక్కడ ఒక చిన్న చీటీ పెట్టు. కార్టూన్ బొమ్మల్ని వదిలేయకు. జుట్టు పాయల దగ్గరో, బట్టల మడతల దగ్గరో చీటీ పడుతుందని నా అనుమానం. కాగితాల వెనక వైపులు, రికార్డు పుస్తకాల అంచులు కూడా తిప్పి చూడు. ఫిజిక్స్ నోట్సులో పక్కన గీసిన పిచ్చిగీతలు కూడా నీవే. రవీంద్రనాథ్ ఠాగూర్ రాతప్రతుల్లో కొట్టివేసిన మాటలను ఒకదానికొకటి కలుపుతూ ఆకారాలు గీసేవారు. అక్కడి నుంచే బొమ్మల్లోకి వచ్చి, దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో, 1930లో పారిస్‌లో ప్రదర్శన పెట్టారు.

చీటీలున్న వాటిలోంచి పన్నెండో పదిహేనో తీసి పక్కపక్కన పెట్టు. నువ్వు వెతుకుతున్నది వాటిలో కనిపించకపోతే మళ్లీ రాయి.

చూడటంతో ఆగిపోతే మాత్రం లాభం లేదు. కొత్త పని మొదలుపెట్టు. డిస్‌ప్లేకి ఇంకా సమయం ఉంటే ఒకే సైజు కాగితాలు తీసుకుని, ఒక దాని మీద జేజి చెయ్యి, ఇంకో దాని మీద బండల దొంతర, అదే పెన్సిల్‌తో, అంతే దగ్గరగా వేసి చూడు. నాపరాయి ఒకప్పుడు సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న రాయి, అందుకే గనిలో ఉలి పెట్టి కొడితే పలకలుగా విడుతుంది. జేజి చేతి మీదా వయసు పొరలు పొరలుగానే చేరింది. ఈ మాటను బొమ్మ పక్కన రాసి అతికించొద్దు. రెండు కాగితాలూ ఒకే గోడ మీద ఉంటే చూసేవాళ్లే కలుపుకుంటారు.

రాయి మీద పల్చటి కాగితం పరిచి మెత్తని పెన్సిలో బొగ్గో అడ్డంగా రుద్ది చూడు, రాతి ముఖం కాగితం మీదికి వస్తుంది. జర్మన్ చిత్రకారుడు మాక్స్ ఎర్నెస్ట్ 1925లో చెక్క నేల మీద ఇట్లా రుద్ది, దాన్నే తన పద్ధతిగా చేసుకున్నాడు. ఫ్రొటాజ్ అంటారు. మీ ఫ్యాక్టరీలో ఆరిన స్లర్రీని మెత్తగా నూరి, తుమ్మ జిగురు కలిపి రంగులా వాడొచ్చేమో ఒక చిన్న కాగితం మీద పరీక్షించు. నూరేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మీ నాయనకు ఆ సంగతి బాగా తెలిసుంటుంది. బొమ్మకు అది ఏమీ ఇవ్వడం లేదనిపిస్తే వదిలేయ్. ఫ్యాక్టరీ స్లర్రీతో వేశానని చెప్పుకోవడానికి మాత్రం వాడకు.

పాతవి దాచుకునే పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే ఎండాకాలం మన ఇళ్లలో ఇనప పెట్టె పొయ్యి మీద పెట్టినంత వేడెక్కుతుంది. న్యూస్ పేపర్ మధ్యలో బొమ్మలు పెట్టొద్దు, పసుపు మరకలు దిగుతాయి. బటర్ పేపర్ పెట్టు. చుట్టకుండా పడుకోబెట్టి, నేల మీద కాకుండా బల్ల మీద ఉంచు, చెదలు అందుకోవు. బొగ్గు బొమ్మలకు ఫిక్సెటివ్, అంటే బొగ్గు రాలకుండా పట్టి ఉంచే స్ప్రే, కొట్టు. లామినేషన్ మాత్రం ఎంతమంది చెప్పినా చేయించొద్దు, ఒకసారి వేడికి అతుక్కుంటే మళ్లీ ఊడదు. ప్రతి కాగితం వెనకా పెన్సిల్‌తో సంవత్సరం, ఊరు, ఏం చూసి వేశావో రెండు ముక్కలు రాయి. ఫొటోలు పొద్దున పూట వరండా నీడలో, ఫ్లాష్ లేకుండా, ఫోన్ బొమ్మకు సూటిగా ఉండేట్టు తియ్యి. ప్రాక్టీసు కాగితాలు కుప్పలుగా ఉంటాయి, వాటిలో కొన్ని పారేసినా నష్టం లేదు. కానీ సిగ్గుతో ఉన్నప్పుడు ఏరొద్దు. డిస్‌ప్లే అయి, మనసు కుదుటపడ్డాక ఏరు.

మీ సార్ మాటకు వస్తాను. అది విసిరేసిన మాటలా నీకు తగిలింది గానీ, విద్యార్థి పనిని పట్టించుకునే టీచరే అట్లా అడుగుతాడు. ఈసారి వెళ్లేటప్పుడు జేజి చేతులు, బండల బొమ్మ, హీరో చొక్కా మూడూ తీసుకెళ్లి పక్కపక్కన పెట్టు. ఎక్కడ కూర్చుని, ఏం చూసి వేశావో మామూలు మాటల్లో చెప్పు. డిస్‌ప్లేకి రాసే నోటు కూడా ముందు తెలుగులో, ఇంట్లో చెప్పినట్టు అరపేజీ రాసుకో, ఇంగ్లీషు తర్వాత చూసుకోవచ్చు. అస్తిత్వం, అన్వేషణ లాంటి పెద్ద మాటలు వస్తే కొట్టెయ్. 'నాయన ఫ్యాక్టరీ వెనక పేర్చిన బండల అంచులు' అని రాస్తే చాలు, అంత సూటిగా ఉన్న వాక్యం నోట్లలో అరుదుగా కనిపిస్తుంది.

మీ నాయన మాట కొట్టిపారేయకు. పోర్ట్రెయిట్లు వేయడం తక్కువ పని కాదు. బెంగాలీ చిత్రకారుడు జామినీ రాయ్ కలకత్తాలో పాశ్చాత్య పద్ధతిలో చదివి, మొదట్లో ఆర్డర్ల మీద పోర్ట్రెయిట్లే వేశాడు. తర్వాత కలకత్తా కాళీఘాట్ గుడి దగ్గర అమ్మిన పటాలు, పల్లెల్లో పటాలు వేసే పటువాల పని చూసి, 1920లలో దారి మార్చుకున్నాడు. అన్నాళ్లు పోలికలు పట్టిన చెయ్యి కాబట్టే ఆ తర్వాత నాలుగు గీతల్లో మనిషిని నిలబెట్టగలిగిందని నేను నమ్ముతాను. నువ్వు నెలకు ఎన్ని ఆర్డర్లు తీసుకోవాలో ముందే అనుకో, మిగతా రోజులు నీ పనికి ఉంచుకో. ఐదు వందలు మాత్రం మరీ తక్కువ. కాగితం, పెన్సిళ్లు, పట్టిన గంటలు లెక్కేసి ధర చెప్పు. మీ నాయనకు ఆ లెక్క నువ్వే కూర్చుని చూపించు. కూలి లెక్క తెలిసిన మనిషికి వెంటనే అర్థమవుతుంది.

పీజీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీ, శాంతినికేతన్ విశ్వభారతి, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉన్నాయి. ఏ ఏడాది నోటిఫికేషన్ ఆ ఏడాది చదువు, నియమాలు మారుతుంటాయి. ఇంటర్వ్యూ ఉన్న చోట, ముగించి ఫ్రేమ్ కట్టిన బొమ్మలతో పాటు స్కెచ్‌బుక్‌లు కూడా చూస్తారు. ఈ పిల్ల ఎట్లా ఆలోచిస్తుందో అక్కడే తెలుస్తుంది. కాబట్టి స్కెచ్‌బుక్‌లోంచి నచ్చని పేజీలు చించకు, అట్లాగే తీసుకెళ్లు. పోర్ట్‌ఫోలియోలో ఇరవై బొమ్మలు పెడితే జేజి చేతులు మొదటి ఐదింటిలో పెట్టు, హీరోలలో ఒక్కటి చాలు, అది చొక్కా బొమ్మే అయ్యుండాలి. డిస్‌ప్లే అయ్యాక ఏ పదిహేను ఏరావో రాయి, ఫొటోలు కూడా పంపితే విడివిడిగా చూసి చెబుతాను.